పచ్చిపాలు, ముడి తేనె, మధ్యలో డెలవేర్ నది

మా మనవడు పుట్టిన పదకొండో రోజున ఇంట్లో ఒక చిన్న యుద్ధం జరిగింది. కారణం తేనె సీసా. మా అమ్మ తన బంగారు ఉంగరం కడిగి, తేనెలో ముంచి, పసివాడి నాలిక మీద రాయబోతుంటే మా అమ్మాయి చటుక్కున ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దు నాయనమ్మా" అంది. అరవలేదు, కానీ చెయ్యి వదల్లేదు. అమ్మ ఉంగరం గిన్నెలో పడేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ పూట భోజనానికి రాలేదు.

ఆ తేనె కొనుక్కొచ్చింది నేనే. నిజానికి ఆ ఆదివారం మేం బయల్దేరింది పాల కోసం.

అమ్మ తెనాలి దగ్గర పల్లెటూరి మనిషి. ఎడిసన్ వచ్చి మూడేళ్ళయింది. చలి మీద ఫిర్యాదు లేదు, మంచు మీద లేదు, పక్కింటివాళ్ళు పలకరించరన్న బాధ కూడా పెద్దగా లేదు (ఓక్ ట్రీ రోడ్డుకి తీసుకెళ్తే ఆవిడని పలకరించేవాళ్ళకి కొదవ లేదు). ఆవిడ గొడవంతా పాల మీదే. "ఎంత కాచినా మీగడ కట్టదేంట్రా? ఇవి పాలు కావు, పాల రంగు నీళ్ళు" అనేది. గ్యాలను డబ్బా మీద హోల్ మిల్క్ అని రాసి ఉందని చూపించాను. "రాసుకుంటే సరిపోయిందా" అంది.

ఎవరో చెప్పారు, పొలం దగ్గర కొట్లలో పచ్చిపాలు అమ్ముతారని. మాకు పడమరగా, ముప్పావుగంట దూరంలో హంటర్‌డన్ కౌంటీ ఉంది. న్యూజెర్సీకి గార్డెన్ స్టేట్ అన్న పేరెందుకు వచ్చిందో గోదాముల మధ్య బతికే మాకు గుర్తొచ్చేది అటు వెళ్ళినప్పుడే. ఒక కుటుంబం నడుపుకుంటున్న చిన్న కొట్టు. బయట గుమ్మడికాయలు, లోపల గుడ్లు, మొక్కజొన్న, వాళ్ళ సొంత పెట్టెల తేనె, ఒక ఫ్రిజ్‌లో గాజుసీసాల్లో పాలు. అమ్మ నా చేత అడిగించింది, పచ్చిపాలు ఉన్నాయా అని. కొట్టావిడ నవ్వి, "ఈ రాష్ట్రంలో అమ్మకూడదండీ. అదిగో, నది దాటి పెన్సిల్వేనియా వెళ్తే లైసెన్సున్న వాళ్ళు అమ్ముతారు" అంది. తెలుగులో చెప్పాను. "పాలకి కూడా వీసానా?" అంది అమ్మ.

నవ్వేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఒకే నది, అటూ ఇటూ ఒకే గడ్డి, ఒకే జాతి ఆవులు. ఇటు నేరం, అటు వ్యాపారం. ఎందుకు? చదవడం మొదలుపెడితే తేలిందేమిటంటే, పచ్చిపాలని శుద్ధంగా అమ్మవచ్చని ఈ దేశానికి నేర్పింది న్యూజెర్సీయే. మా ఇంటికి అరగంట దూరంలోనే.

పంతొమ్మిదో శతాబ్దపు న్యూయార్కులో పాలంటే భయపడాల్సిన వస్తువు. సారా బట్టీల పక్కన పశువుల్ని కట్టేసి, బట్టీలో మిగిలిన వేడి వేడి మడ్డినే మేపుగా పోసేవాళ్ళు. ఆ రోగిష్టి ఆవుల పలచటి పాలల్లో సుద్దా అవీ కలిపి తెల్లగా చేసి అమ్మేవాళ్ళు. 1858లో ఫ్రాంక్ లెస్లీ అనే పత్రికాధిపతి ఆ కొట్టాలని బొమ్మలతో సహా అచ్చువేస్తే ఊరంతా గగ్గోలు పుట్టింది. తర్వాత రైళ్ళ మీద పల్లెపాలు రావడం పెరిగింది. కానీ ఎండాకాలం, ఐసు సరిగ్గా లేని డబ్బాలు, గంటల ప్రయాణం. పసిపిల్లలు విరేచనాలతో పోతూనే ఉన్నారు.

1893లో ఈ జబ్బుకి రెండు వేర్వేరు మందులు ఒకేసారి బయటికొచ్చాయి. న్యూయార్కులో మేసీస్ దుకాణం యజమానుల్లో ఒకడైన నేథన్ స్ట్రాస్ పేదల పిల్లల కోసం పాల కేంద్రాలు తెరిచాడు. ఆయన పద్ధతి వేడి చెయ్యడం, అంటే పాశ్చరైజేషన్. మాకు ఉత్తరంగా ఉన్న నూవర్క్‌లో హెన్రీ కోయిట్ అనే పిల్లల వైద్యుడు ఇంకో దారి పట్టాడు. పాలని వేడి చెయ్యడం ఎందుకు, మురికి అసలు పడకుండా చూస్తే సరిపోదా అన్నాడు. వైద్యులతో ఒక సంఘం పెట్టి, ఎసెక్స్ కౌంటీలో ఒక పాడి రైతుతో ఒప్పందం రాసుకున్నాడు. ఆవుల ఆరోగ్యం, పాలు పితికే వాళ్ళ చేతులు, కొట్టం నేల, సీసాలు, చల్లబరచడం, అన్నిటికీ నియమాలు. వైద్యులు పరీక్షించి పత్రం ఇస్తేనే అమ్మకం. దాన్నే సర్టిఫైడ్ మిల్క్ అన్నారు. పచ్చిపాలే, కాకపోతే డాక్టర్ల సంతకం ఉన్న పచ్చిపాలు. ఖరీదు మామూలు పాల కంటే చాలా ఎక్కువ. కాబట్టి కోయిట్ పాలు కలిగినవాళ్ళ ఇళ్ళకి, స్ట్రాస్ పాలు లేనివాళ్ళ వాడలకి వెళ్ళాయి. నా మట్టుకు నాకు స్ట్రాస్ మీదే గౌరవం ఎక్కువ. డబ్బున్న బిడ్డనొక్కణ్ణే కాపాడే మందు సగం మందే.

అన్నట్టు, ఆ రోజుల్లో న్యూయార్కులోనే ఏబ్రహం జాకొబీ అని ఇంకో పిల్లల వైద్యుడుండేవాడు. జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. ఆయన తల్లులకి చెప్పిన మాట మరీ సులువు: పాలు కాచి పట్టండి. చదవగానే అమ్మకి చెప్పాను. "ఆ మాట చెప్పడానికి డాక్టరెందుకు?" అంది.

సర్టిఫైడ్ పాల వైభవమంతా చూడాలంటే ప్లెయిన్స్‌బరో వెళ్ళాలి. ఎడిసన్ ఉన్న మిడిల్‌సెక్స్ కౌంటీలోనే, రూట్ 1 మీద దక్షిణంగా. ఇప్పుడక్కడ మన వాళ్ళెంతమందో చెప్పక్కర్లేదు. బతుకమ్మలూ బొమ్మల కొలువులూ జరిగే ఊరు. అక్కడ వాకర్ గోర్డన్ అనే పాడిక్షేత్రం ఉండేది. 1930లో అక్కడ రోటోలాక్టర్ అనే యంత్రం పెట్టారు. రంకులరాట్నం లాంటి గుండ్రటి వేదిక. దాని మీద 50 ఆవులు ఎక్కి నిలబడతాయి. పన్నెండున్నర నిమిషాల్లో ఒక చుట్టు తిరిగేలోపు కడగడం, పితకడం అన్నీ అయిపోయి ఆవు దిగిపోతుంది, దాని జాగాలో ఇంకోటి ఎక్కుతుంది. జనం టూరిస్టుల్లా వచ్చి అద్దాల వెనక నిలబడి చూసేవాళ్ళట. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో బోర్డెన్ పాల కంపెనీ ఇలాంటి యంత్రాన్నే పెట్టింది. అప్పటిదాకా ప్రకటనల్లో బొమ్మగా ఉన్న ఎల్సీ అనే ఆవుకి ప్రాణం పోయాల్సి వచ్చి, మందలో అందమైనదాన్ని ఏరి ఆ పేరు పెట్టారు. సినిమాలో కూడా నటించిన ఆ ఆవు 1941లో మా పక్కనున్న రావేలో (పేరు వింటే ఆడపిల్లని పిలిచినట్టుంటుంది) లారీ ప్రమాదంలో దెబ్బతిని చనిపోయింది. ప్లెయిన్స్‌బరోలోనే పూడ్చారు. ఇప్పుడా పొలంలో ఇళ్ళు కట్టారు. ఎల్సీ పేరున్న రాయి మాత్రం ఉంది. మా స్నేహితుడొకాయన ఆ చుట్టుపక్కలే పదేళ్ళుగా ఉంటూ, అది ఏ కుక్కదో అనుకున్నాడట.

ఆ క్షేత్రం 1971లో మూతపడింది. ఏ మట్టి మీద పచ్చిపాలు అంత రాజసంగా బతికాయో, ఆ రాష్ట్రంలోనే ఇప్పుడు అమ్మితే నేరం. దీనికి కారణం చెడ్డ మనసు కాదు, క్షయ. ఆవుల క్షయ పాల ద్వారా పిల్లలకి వస్తుందా రాదా అన్నది పెద్ద వివాదం. 1898లో థియొబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త మనిషి క్షయ క్రిమీ, పశువు క్షయ క్రిమీ వేరువేరని చూపించాడు. 1901లో లండన్‌లో సాక్షాత్తూ రాబర్ట్ కాక్ లేచి, అయితే పశువు క్షయతో మనిషికి పెద్ద ప్రమాదం లేదు అనేశాడు. మహానుభావుడు పొరబడ్డాడు. పిల్లల మెడల్లో గడ్డలు, ఎముకల క్షయ పాల నుంచే వస్తున్నాయని తర్వాత రుజువైంది. స్మిత్ తర్వాతి రోజుల్లో పనిచేసింది కూడా ఇక్కడే, ప్రిన్స్‌టన్ దగ్గర రాక్‌ఫెల్లర్ సంస్థ పశువ్యాధుల విభాగంలో. 1908లో షికాగో పాశ్చరైజేషన్ తప్పనిసరి అంది, కొన్నేళ్ళకి న్యూయార్కూ ఆ దారే పట్టింది. 1917 నుంచి కేంద్రప్రభుత్వం మందలన్నిటినీ పరీక్షించి, క్షయ ఉన్న పశువుల్ని ఏరివేయడం మొదలుపెట్టింది. ఒక్కో రాష్ట్రం ఒక్కో చట్టం చేసుకుంది. 1987లో ఫెడరల్ ఆహార, ఔషధాల శాఖ పచ్చిపాలని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళి అమ్మడాన్ని నిషేధించింది. ఎవరి ఇంటికోసం వాళ్ళు నది దాటి కొనుక్కొచ్చుకుంటే మాత్రం పట్టించుకోరు. చట్టాలు మార్చాలని న్యూజెర్సీలో బిల్లులు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

మరి మన సంగతి? మన ఊళ్ళల్లో ఈ గొడవే లేదు, ఎందుకంటే పచ్చిపాలు తాగే అలవాటు మనకి తక్కువ. మా తాతగారింట్లో వంటింటి పక్కన దాలిగుంట ఉండేది. నేలలో గుంట, అందులో పిడకల నిప్పు, పైన కుండ. పొద్దున పితికిన గేదెపాలు అందులో పెడితే మధ్యాహ్నానికి ఎర్రగా కాగి, వేలు మందాన మీగడ కట్టేది. ఆ వాసన ఇప్పటికీ నాకు కొన్నిసార్లు కలలో వస్తుంది. సాయంత్రం తోడు, పొద్దున కవ్వం, వెన్న, చల్ల. చల్ల అడగడానికి గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళకి లేదనకూడదు, అది మా అమ్మమ్మ చట్టం. స్ట్రాస్ యంత్రాలతో చేసినదీ, జాకొబీ ఉపన్యాసాల్లో చెప్పిందీ మన ఆడవాళ్ళు పిడకలతో చేశారు. క్రిముల సంగతి తెలిసి కాదు. కాచకపోతే సాయంత్రానికి విరిగిపోతాయి కాబట్టి.

ఇదంతా తెలిసి కూడా, అమ్మ ముచ్చట తీర్చాలని ఒక శనివారం లాంబర్ట్‌విల్ వంతెన దాటి పెన్సిల్వేనియాలో ఒక పొలం కొట్టుకి వెళ్ళాం. రెండు గ్యాలన్ల పచ్చిపాలు కొన్నాం. ఇంటికి రాగానే అమ్మ చేసిన మొదటి పని ఏమిటంటారా? పెద్ద గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది! గంటన్నర పోయి, గంటన్నర వచ్చి, పచ్చిపాలు తెచ్చుకుని, కాచేశాం. పైన పచ్చటి మీగడ కట్టింది. అమ్మ చెంచాతో తీసి చూసుకుని, "ఆవుపాలు కదా, పలచనే. అయినా పాలురా ఇవి" అంది. గేదెపాలల్లో వెన్న శాతం 7 దాకా ఉంటుంది. ఇక్కడి హోల్ మిల్క్‌లో 3.25 ఉంటే చాలు.

మా అమ్మాయి అప్పుడు నిండు గర్భిణి. గిన్నె దగ్గరికి కూడా రాలేదు. 2024 మార్చిలో టెక్సస్, కాన్సాస్ పాడి ఆవుల్లో పక్షుల ఫ్లూ కనపడ్డాక, పచ్చిపాలల్లో ఆ వైరస్ ఉంటోందని తేలాక, ఆ పిల్ల భయంలో తప్పు పట్టడానికి నాకేం లేదు. కాచాం కదా అంటే, "కాచడానికైతే పచ్చివెందుకు నాన్నా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మకి కావలసింది పచ్చిదనం కాదు, మీగడ. మీగడని మింగేసింది పాశ్చరైజేషన్ కాదు, ఇంకో యంత్రం. 1899లో ఫ్రాన్సులో ఒగూస్త్ గోలాఁ అనే ఆయన పేటెంటు తీసుకున్న హోమోజనైజర్ అది. పాలని విపరీతమైన ఒత్తిడితో సన్నటి సందులోంచి తోస్తే కొవ్వు బొట్లు ఎంత చిన్నగా చితికిపోతాయంటే, ఇక పైకి తేలలేవు. ఎన్ని గంటలు కాచినా అంతే. 1930ల దాకా అమెరికా ఇల్లాళ్ళు కూడా మా అమ్మ లాంటివాళ్ళే. గాజుసీసా మెడ దగ్గర మీగడ గీత ఎంత కిందికి దిగిందో చూసి పాలు ఎలాంటివో తేల్చేవాళ్ళు. తర్వాత ప్రతి గ్లాసూ ఒకేలా ఉండాలన్న మోజు పెరిగింది, గీత మాయమైంది. అట్టడబ్బా వచ్చాక గీత ఉన్నా కనపడదు కదా.

మళ్ళీ హంటర్‌డన్ కొట్టుకి వెళ్ళినప్పుడు ఫ్రిజ్ తలుపు తీసి సరిగ్గా చూశాను. మేం మొదటిసారి పట్టించుకోని ఆ గాజుసీసాల పాలు పాశ్చరైజ్ చేసినవే, కానీ హోమోజనైజ్ చెయ్యనివి. మెడ దగ్గర పచ్చటి గీత. నది దాటక్కర్లేకుండానే ఉంది మీగడ. జున్నుపాలు దొరుకుతాయా అని కూడా అమ్మ అడిగించింది. ఈనిన మొదటి రోజుల పాలు అని వివరిస్తే, "అవి దూడవి కదా" అంది కొట్టావిడ. అమ్మ తల ఊపి, "నిజమే. మా మామగారూ అలాగే అనేవారు, అయినా మిగిలేవి" అంది. అది నేను అనువదించలేదు.

ఆ రోజు తెచ్చిందే తేనె.

సీసా తియ్యగానే అమ్మకి అనుమానం. అడుగున సగం పేరుకుని ఉంది. "పాకం కలిపారు" అంది. మన దగ్గర ఇది అందరి నమ్మకం. నిజానికి చాలా తేనెలు పేరుకుంటాయి. గ్లూకోజు పాలు ఎక్కువైతే త్వరగా పేరుకుంటుంది. ఇక్కడ శరదృతువులో దారుల పక్కన పసుపుపచ్చగా పూసే గోల్డెన్‌రాడ్ తేనె మరీను. పెద్ద కంపెనీలు తేనెని వేడి చేసి, సన్నగా వడగట్టేది ముఖ్యంగా అలా పేరుకోకుండా, పులవకుండా ఉండాలనే. రా హనీ అంటే అలా వేడి చెయ్యనిది అని జనం అర్థం చేసుకుంటారు గానీ, ఫెడరల్ చట్టంలో ఆ మాటకి నిర్వచనం లేదు. కాబట్టి ఆ మాటకంటే పెట్టెలు ఎక్కడున్నాయో వేలెత్తి చూపించగలిగిన మనిషినే నేను నమ్ముతాను. సూపర్ మార్కెట్ సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి, అర్జెంటీనా, వియత్నాం, ఇండియా అని ఉంటుంది. ఎడిసన్‌లో కూర్చుని అమెరికా తేనె అనుకుంటూ మనదే నాకుతున్నామన్నమాట.

ఈ తేనెటీగ కూడా వలస వచ్చిందే. 1622లో ఇంగ్లండు నుంచి పెట్టెలు వర్జీనియాకి దిగాయి. అంతకుముందు ఈ ఖండపు ఉత్తరభాగంలో ఈ ఈగ లేదు. అయినా 1974లో హామిల్టన్ బడిపిల్లలు పట్టుబట్టి దీన్నే న్యూజెర్సీ రాష్ట్ర కీటకంగా చేయించారు. పౌరసత్వం ఇంత గౌరవంగా ఇంకెవరికీ రాలేదు. తేనె కోసం ఈగల్ని చంపక్కర్లేని పెట్టె కూడా పక్కింటి సరుకే. ఫిలడెల్ఫియా మతగురువు లాంగ్‌స్ట్రాత్, ఈగలు అంగుళంలో మూడెనిమిదో వంతు సందుని మైనంతో పూడ్చకుండా నడకదారిగా వదిలేస్తాయని గమనించి, చట్రాలు బయటికి లాగగలిగే పెట్టె చేసి 1852లో పేటెంటు పొందాడు. మన దేశంలోకి ఈ ఇటాలియన్ ఈగ 1960ల్లో పంజాబు, కాంగ్రా వైపు నుంచి వచ్చి, తర్వాత దక్షిణాదికీ పాకింది. అంతకుముందు మన తేనె అంటే ఎక్కువగా అడవిదే. నల్లమలలో చెంచులు కొండ అంచు నుంచి తాళ్ళు కట్టుకుని దిగి పట్టు కోస్తారు. పైన తాడు పట్టుకునేది బావమరిది అయి ఉండాలంటారు. అక్క పసుపు కుంకుమలు తన చేతుల్లో ఉన్నాయని వాడికే కదా భయం! ఆ తేనెకి దళారుల చేతిలో దక్కని ధర ఇప్పించడానికి 1956లో విశాఖలో గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ పుట్టింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో తేనె అంటే ఆ సీసాయే. మందుల అలమరలో ఉండేది, వంటింట్లో కాదు.

ఇక ఉంగరం సంగతి. పుట్టిన బిడ్డకి బంగారంతో తేనె, నెయ్యి నాకించడం జాతకర్మలో భాగం. గృహ్యసూత్రాల నాటిది. అమ్మ చేసింది మొన్న పుట్టిన మూఢత్వం కాదు, రెండువేల ఏళ్ళు దాటిన ముద్దు. కానీ 1976లో కాలిఫోర్నియాలో వైద్యులు పసిపిల్లల్లో బొట్యులిజం అనే జబ్బుని గుర్తించారు. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా విత్తనాలు కొన్నిసార్లు తేనెలో ఉంటాయి. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తలేవు. ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచెయ్యగలవు. బిడ్డ మెత్తబడిపోతుంది, పాలు లాగదు, ఏడుపు సన్నబడుతుంది, ఊపిరి కష్టమవుతుంది. అరుదే. కానీ వేడి చేసిన తేనెలోనూ ఆ విత్తనాలు చావవు, మరిగించినా చావవు. పాల విషయంలో మనల్ని కాపాడిన పొయ్యి ఇక్కడ పనికిరాదు. అందుకే ఏడాది నిండేదాకా ఏ తేనే వద్దంటారు, ముడిదైనా కాకపోయినా.

ఆ రాత్రి అమ్మ గదిలోకి వెళ్ళి ఇదంతా చెప్పాను. మేమందరం నాకినవాళ్ళమే కదా అంటుందనుకున్నాను. అనలేదు. చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకంటే ముందు ఒక అక్క పుట్టి, మూడో నెలలో పోయింది. పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. ఇంట్లో ఎప్పుడూ ఎత్తరు. "ఏడుపు పిల్లిపిల్లలా అయిపోయిందిరా. పక్షిదోషం అన్నారు" అంది అమ్మ. కాసేపాగి, "దానికీ రోజూ నాకించేవాళ్ళం" అంది.

అది తేనె వల్లే అని ఎవరూ చెప్పలేరమ్మా అన్నాను. నిజంగానే చెప్పలేరు. ఆ రోజుల్లో బిడ్డ పోవడానికి వంద కారణాలు. నీళ్ళు, జ్వరం, బొడ్డుకి పెట్టిన మందు, ఏదైనా కావచ్చు. అదే మాట మూడుసార్లు చెప్పాను. అమ్మ విన్నదో లేదో తెలియదు.

పొద్దున లేచేసరికి వంటింట్లో గాజుసీసా పాలు చిన్నమంట మీద కాగుతున్నాయి. తేనె సీసా పై అరలో, చెయ్యి అందనంత ఎత్తున ఉంది. కుర్చీ ఎక్కి పెట్టినట్టుంది, ఎనభై ఏళ్ళ మనిషి. మూత మీద తెల్ల టేపు అంటించి, వణికే అక్షరాలతో తెలుగులో మనవడి మొదటి పుట్టినరోజు తేదీ రాసింది. మా అమ్మాయి బిడ్డనెత్తుకుని వచ్చి, ఆ అక్షరాలు చదవడం రాక, "ఏం రాసింది నాన్నా?" అని అడిగింది. నేను చెప్పబోయేలోపు అమ్మ, "మీగడ తీశాను, తోడు వెయ్యడానికి గిన్నె అందుకో" అంది దానితో.